తలుపు ఎవరి చేతిలో ఉంది? – ఇల్లు, ఊరు, మన వలస సాహిత్యం

ప్రపంచీకరణ తర్వాతి తెలుగు సాహిత్యంలో అన్నిటికంటె ఎక్కువగా వాడి, అన్నిటికంటె తక్కువగా పరిశీలించిన వస్తువు 'ఇల్లు'. 1991లో నూతన ఆర్థిక విధానాలు మొదలైనప్పటి నుంచి మన కథకులూ కవులూ ఊరు పోయిందనీ, ఇల్లు పోయిందనీ, మనిషి ఎక్కడా తనవాడు కాకుండా పోయాడనీ రాస్తూనే ఉన్నారు. గోరటి వెంకన్న పల్లె మీద రాసిన పాట 2002లో 'కుబుసం' సినిమా ద్వారా తెలుగు నేలంతటా మారుమోగింది. వృత్తులు దెబ్బతిన్న ఇళ్లు అందులో ఒక్కొక్కటిగా కనబడతాయి కనుకనే ఆ పాట నిలిచింది. ఆ తర్వాత అదే బాటలో వచ్చిన అనేక రచనల్లో ఆ వివరం పోయి దుఃఖం మాత్రం మిగిలింది. ఊరంటే ఒక వేపచెట్టు, ఒక చేదబావి, ఒక అరుగు, అరుగు మీద ఒక ముసలమ్మ. ఈ నాలుగూ పేరిస్తే చాలు, అది ప్రపంచీకరణ వ్యతిరేక రచన అయిపోతున్నది.

ఈ ధోరణిని నేను తేలికగా తీసుకోలేను. ఇల్లు పోగొట్టుకోవడం నిజమైన అనుభవం. అయితే ఆ అనుభవం అందరికీ ఒకటి కాదు. చేదబావి నుంచి నీళ్లు తోడుకునే హక్కు ఊళ్లో అందరికీ ఉండేదా? అరుగు మీద ఎవరు కూర్చునేవారు, అరుగు కింద ఎవరు నిలబడేవారు? దళిత కవులు 1980ల చివరినుంచి ఈ ప్రశ్న అడిగారు. వాళ్లు అడిగాక కూడా ఊరిని ఒక ముద్దగా, కులమూ వర్గమూ లేని అమ్మ ఒడిగా చిత్రించడం అమాయకత్వం కాదు, అది ఒక దృక్పథం. ఆ దృక్పథం ఎవరిదో తేల్చడం విమర్శ బాధ్యత.

ఇల్లు గురించి రాసిన ఏ రచననైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చునని నా అభిప్రాయం. ఆ ఇల్లు ఎవరి శ్రమతో నిలబడింది? దాని కాగితం ఎవరి పేర ఉంది? దాని తలుపు తీసే, మూసే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడింటినీ పట్టించుకోని రచన ఎంత ఆర్ద్రంగా ఉన్నా జ్ఞాపకం దగ్గరే ఆగిపోతుంది. పట్టించుకున్న రచన చరిత్ర అవుతుంది. ఈ వ్యాసంలో అమెరికా తెలుగు రచననూ, గల్ఫ్ వలస రచననూ, ఆ తర్వాత నేను పనిచేస్తున్న ఉట్నూరు ప్రాంతపు ఆదివాసి జీవితం మీద వచ్చిన రచననూ ఈ ప్రశ్నల ముందు నిలబెట్టి చూస్తాను.

1

అమెరికా తెలుగువారి సాహిత్య కృషి చిన్నదేమీ కాదు. తానా మొదటి మహాసభ 1977లో జరిగింది. 1998 నుంచి అక్కడ సాహితీ సదస్సులు జరుగుతున్నాయి. సంకలనాలు, మహాసభల ప్రత్యేక సంచికలు ఎన్నో వచ్చాయి. ఈ రచనల్లో మొదటి తరం కథకు ఒక మూస ఏర్పడింది. మంచు కురిసే సాయంత్రం, పండుగపూట గుర్తుకొచ్చే తల్లి చేతివంట, తెలుగు రాని పిల్లలు, ఇండియాలో ఒంటరిగా మిగిలిన తండ్రి, అందని ఆఖరి చూపు. ఇందులోని వేదన నిజం. కాని ఈ కథల్లో వదిలివచ్చిన ఇంటికి ఆస్తి లక్షణం దాదాపు కనబడదు. ఆ ఇంటిని నిలబెట్టిన పాలేరు కనబడడు, పొలం కౌలుకు చేసిన రైతు కనబడడు. అమెరికాలో సంపాదించిన డాలరు తిరిగి వచ్చి హైదరాబాదు చుట్టూ ఎవరి పొలాన్ని ప్లాటుగా మార్చిందో అసలే కనబడదు. ఇల్లు పోయిందని ఏడ్చే మనిషే మరొకరి ఇల్లు పోవడానికి కారణమయ్యే ఈ వైరుధ్యంలో గొప్ప కథ ఉంది. దాన్ని రాసినవారు తక్కువ.

అయినా అక్కడి మనిషికి తలుపు పూర్తిగా తెరిచి ఉన్నదనుకోవడం పొరపాటు. హెచ్1బి వీసాకు మామూలుగా ఆరేళ్లే గడువు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వరసలో నిలబడుతున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును జాతివిద్వేషంతో కాల్చి చంపారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంతకాలం తన ప్రతిభే తనకు ఇల్లు కట్టిపెట్టిందనుకున్న మధ్యతరగతి మనిషికి, తలుపు గొళ్లెం తన చేతిలో లేదనీ, పెట్టుబడి అవసరానికి తెరుచుకున్నది రాజకీయ అవసరానికి మూసుకుంటుందనీ అప్పుడు తెలిసివచ్చింది.

ఈ ఎరుక ఉన్న కవి అఫ్సర్. ఖమ్మం ప్రాంతంలో పుట్టి, అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న ఈ కవి సంపుటాల పేర్లు వరసగా చూడండి: 2000లో 'వలస', 2009లో 'ఊరి చివర', 2018లో 'ఇంటివైపు'. ఈ మూడు పేర్లలోనే ఒక వాదం ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి వెళ్లినవాడికి ఊరు ఒకలా గుర్తుంటుంది, ఊరి చివర నుంచి వెళ్లినవాడికి మరోలా గుర్తుంటుంది. 'ఇంట్లో' అనక 'ఇంటివైపు' అనడంలో చేరుకోవడం ఇంకా పూర్తికాలేదన్న గ్రహింపు ఉంది. స్వదేశంలో ముస్లింకు తన పౌరసత్వాన్నే రుజువు చేసుకోవలసిన పరిస్థితి వస్తున్న కాలంలో ఈ గ్రహింపుకు ఉన్న బరువు వేరు. పోగొట్టుకున్న ఇంటిని మెచ్చుకోవడమూ, ఎన్నడూ పూర్తిగా దక్కని ఇంటి వైపు నడవడమూ ఒకటి కాదు. మన విమర్శ ఈ రెండింటినీ 'డయాస్పోరా వేదన' అన్న ఒకే సంచిలో వేసి కడుతున్నది.

2

అమెరికాకు పోయినవాడికి కనీసం వరసలో నిలబడే అవకాశం ఉంది. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్‌కు పోయినవాడికి వరసే లేదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి అర్ధశతాబ్దిగా మనుషులు దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పోతున్నారు. అక్కడ ఇరవై ఏళ్లు రాళ్లు మోసినా కూలీకి పౌరసత్వం రాదు. కఫాలా పద్ధతిలో కార్మికుడి ఉనికి యజమాని పేరుతో కట్టివేయబడి ఉంటుంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోవడం అక్కడ మామూలు సంగతి. ఆ యజమానిని వదిలి బయటపడితే వాడు 'ఖల్లివెల్లి', అంటే దొంగచాటు మనిషి. ఔట్‌పాస్ దొరికే దాకా, క్షమాభిక్ష ప్రకటించే దాకా వాడికి అక్కడ ఉండే హక్కూ లేదు, ఇంటికి వచ్చే హక్కూ లేదు.

ఇక్కడ ఇంటి స్వరూపం కూడా మారిపోయింది. గల్ఫ్ పల్లెల్లో రెండంతస్తుల స్లాబు ఇళ్లు లేచాయి. ఆ ఇంటి యజమాని రెండేళ్లకోసారి వచ్చి నెల రోజులుంటాడు. ఇంటిని కట్టినవాడు ఇంట్లో ఉండడు, ఉన్నవాళ్లు అప్పు కిస్తీలు లెక్కపెట్టుకుంటారు. శ్రామికుడి నుంచి అతని శ్రమఫలం వేరుపడి అతనికే పరాయిదై ఎదురునిలవడం గురించి మనం రాజకీయార్థశాస్త్రంలో చదువుకున్నాం. ఉత్తర తెలంగాణలో ఆ సూత్రం స్లాబు ఇల్లుగా, రంగులు వేసి, తాళం వేసి కనబడుతుంది. ఎంతోమంది విషయంలో ఆ ఇంటికి చివరికి చేరేది శవపేటిక. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించిందంటే, ఎన్నేళ్ల ఆందోళన తర్వాత ఆ చావులకు లెక్క అంటూ ఒకటి ఏర్పడిందో ఆలోచించాలి.

పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' నవల ఈ జీవితాన్ని వస్తువుగా తీసుకున్నది. కరీంనగర్ పల్లెను లోపలినుంచి తెలిసిన రచయిత కావడం దానికి బలం. మొత్తం మీద గల్ఫ్ రచనలో పాట ముందుంది, కథ వెనకబడింది. పాట ఎందుకు ముందున్నదంటే దాన్ని కట్టినవాళ్లలో క్యాంపుల్లో బతికినవాళ్లున్నారు. కథ రాసినవాళ్లు ఎక్కువగా ఊళ్లో మిగిలిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు. అందువల్ల గల్ఫ్ కథ తరచుగా ఏజెంటు మోసంతో మొదలై శవపేటికతో ముగుస్తుంది. మధ్యలో పదిహేనేళ్ల జీవితం, అంటే క్యాంపు గదిలో మలయాళీతో, నేపాలీతో, బంగ్లాదేశీతో కలిసి వండుకుని తిని, ఒకరి భాష ఒకరు నేర్చుకుని, జీతం ఆగినప్పుడు కలిసి పని ఆపిన జీవితం సాహిత్యంలోకి రాలేదు. ప్రపంచీకరణ కింది నుంచి ఎలా ఉంటుందో తెలిపే చోటు ఆ గది. దాన్ని 'ఇల్లు కానిది' అని తోసెయ్యడం కూడా ఊరి గురించిన మన పాత భ్రమ ఫలితమే.

3

ఇక ఉట్నూరు సంగతి. వలస అంటే బయటికి పోవడమే అన్న మన నిర్వచనం ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ప్రపంచమే లోపలికి వచ్చింది. రైలు, రోడ్డు, పత్తి, టేకు, జాగీర్దారు, పట్వారీ, షావుకారి, అటవీశాఖ వరసగా వచ్చి, ఉన్నచోటనే ఉన్న గోండు, కొలాం, పర్ధాన్, తోటి జనాన్ని తమ నేల మీద తాము ఆక్రమణదారులుగా నిలబెట్టాయి. కదలకుండానే పరాయివాడు కావడం ఇక్కడి అనుభవం. తెలుగు వలస సాహిత్య విమర్శ ఈ అనుభవాన్ని తన పరిధిలోకి తెచ్చుకోలేదు. దాన్ని 'గిరిజన సాహిత్యం' అనే వేరే అరలో పెట్టింది.

కొమురం భీం జీవితాన్ని ఈ కోణంలో చదవాలి. పండించిన పంట తనదని వచ్చిన సిద్దిఖ్‌ను చంపి, భీం ఊరు విడిచాడు. చాందా మీదుగా అస్సాం తేయాకు తోటలకు పోయి కూలి చేశాడు. ప్రపంచ మార్కెట్టు కోసం బ్రిటిష్ పెట్టుబడి నాటించిన తోటలవి. అక్కడ కూలీల గొడవల్లో పాల్గొన్నాడనీ, చదవడం రాయడం ఆ వలసకాలంలోనే నేర్చుకున్నాడనీ అతని జీవితగాథలు చెబుతాయి. తిరిగి వచ్చి జోడెఘాట్ కేంద్రంగా పన్నెండు గూడేల భూమి కోసం పోరాడి 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. 'జల్, జంగల్, జమీన్' అన్న నినాదం అతని పేరుతో నిలిచింది. వలస పోయి ప్రపంచాన్ని చూసినవాడే ఇల్లంటే హక్కు అని గుర్తించాడన్న సంగతి ఇక్కడ ముఖ్యం. అతనికి ఇల్లు వెనక్కి తిరిగి చూసే వస్తువు కాదు. పట్టా కోసం, పశువుల మేత కోసం, పోడు కోసం నిజాముతో తేల్చుకోవలసిన విషయం.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఈ గుర్తింపును తెలుగు సాహిత్యానికి ఇచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది. ప్రజల లెక్క దానికి ఎన్నో రెట్లు. అక్కడ లేపిన స్తూపాన్ని 1986లో కూల్చారు, తర్వాత మళ్లీ కట్టారు. ఇంద్రవెల్లి తర్వాత కొద్దికాలానికే వచ్చిన ఆ నవల నలభై ఏళ్ల కిందటి జోడెఘాట్‌ను రాస్తూ కళ్లెదుటి ఇంద్రవెల్లిని రాసింది. చారిత్రక నవలకు ఉండవలసిన లక్షణమే అది. నా మూడు ప్రశ్నలకూ అందులో జవాబుంది. శ్రమ ఎవరిదో, కాగితం ఎవరు రాశారో, తలుపు ఎవరు విరగ్గొట్టారో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. నవల పరిమితి కూడా చెప్పుకోవాలి. అది తెలుగులో, ఆదివాసులు కాని రచయితల చేతిమీదుగా వచ్చింది. నిబద్ధత ఈ దూరాన్ని తగ్గించగలదు, చెరపలేదు. ఆ దూరాన్ని రచయితలు దాచకపోవడం వాళ్ల నిజాయితీ.

ఇప్పుడు అదే భీం ప్రపంచానికి ఎలా చేరాడో చూడండి. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమా ద్వారా ఆ పేరు దేశదేశాలకు తెలిసింది. 2023లో ఆ సినిమా పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ కథలో భీం, దొరసాని ఎత్తుకుపోయిన పిల్లను తెచ్చుకోవడానికి ఢిల్లీ పోతాడు. భూమి గొడవ లేదు, నిజాము లేడు, అటవీశాఖ లేదు. చివర ఏం కావాలని రామరాజు అడిగితే చదువు ఇమ్మంటాడు. అప్పుడు రామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. అల్లూరి 1924లో చనిపోయాడు, ఇద్దరూ కలుసుకున్న ఆధారం లేదు. కల్పన అన్నారు కనుక దాన్ని వదిలేద్దాం. వదిలెయ్యకూడనిది మరొకటుంది. తేయాకు తోటల కూలీగా అక్షరాలు సంపాదించుకున్నవాణ్ణి అక్షరాలు అడుక్కునేవాడిగా, తన నినాదాన్ని మరొకడి చేతి నుంచి అందుకునేవాడిగా మార్చారు. ప్రపంచ మార్కెట్టులోకి పోవడానికి భీం తన ఇంటిని గుమ్మం దగ్గరే వదిలిపోవలసి వచ్చింది. పేరు వెళ్లింది, పన్నెండు గూడేలు వెళ్లలేదు. ప్రపంచీకరణ సంస్కృతిని చంపుతుందని మనం సులభంగా అంటాం. చాలాసార్లు అది చంపదు. హక్కును తీసివేసి, రూపాన్ని మాత్రం అందంగా మోసుకుపోతుంది.

4

అయితే బయటివాడు రావడమే అపచారమని నేను అనడం లేదు. ఉట్నూరు ప్రాంత చరిత్రలో దానికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటుంది. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియావాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల శత్రుదేశీయుడై, హైదరాబాదు రాజ్యం దాటి పోరాదన్న ఆంక్షకు లోబడ్డాడు. అంటే తన ఇంటికి తాను పోలేని మనిషి. జోడెఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొమ్మని పంపింది అతన్నే. అతను, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు తయారయ్యాయి. భూమి పట్టాల పంపిణీకి దారి పడింది. 1987లో ఎలిజబెత్ చనిపోయినప్పుడు మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమెన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

హైమెన్‌డార్ఫ్‌ను నిజాం ప్రభుత్వం పంపింది. తిరుగుబాటు మళ్లీ రాకుండా చూడడం దాని ప్రయోజనం. సంస్కరణకు ఉన్న ఈ వర్గప్రయోజనాన్ని మరవకూడదు. కాని మార్లవాయి జనం అతన్ని తమవాడిగా ఎందుకు తీసుకున్నారన్నది సాహిత్యకారులకు ఉపయోగపడే ప్రశ్న. గోండుల సంస్కృతిలో 'తనవాడు కావడం' పుట్టుకతోనే ముగిసిపోయే విషయం కాదు. దీపావళి వేళ దండారి బృందం ఒక గూడెం నుంచి మరో గూడేనికి పోతుంది. పోయిన గూడెం వాళ్లను నిలిపి అన్నం పెడుతుంది. మరొకప్పుడు వీళ్లు అక్కడికి పోతారు. పద్మశ్రీ పొందిన గుస్సాడి కళాకారుడు, 2024లో చనిపోయిన కనకరాజు ఈ మార్లవాయి మనిషే. కెస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్తకోడళ్లకు 'భేటింగ్' జరుగుతుంది. వంశదైవం ముందుకు తీసుకుపోయి పరిచయం చేసే దాకా ఆమె ఆ ఇంటి మనిషి కాదు, చేశాక పూర్తిగా ఆ ఇంటిదే. పరిచయం చేసి, అన్నం పెట్టి, బాధ్యత ఒప్పజెప్పి మనిషిని తనవాణ్ణి చేసుకునే పద్ధతి ఇది.

స్త్రీ విషయంలో దీన్ని మెచ్చి ఊరుకోవడం కూడా కుదరదు. ఇల్లు మారేది ఎప్పుడూ ఆమేనా అన్న ప్రశ్న గోండు గూడెంలోనూ ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. పుట్టిల్లు, మెట్టినిల్లు అన్న రెండు మాటల మధ్య 'నా ఇల్లు' అన్న మాట ఆడదానికి లేకుండా పోయిందని స్త్రీవాద రచయితలు చూపించారు. గల్ఫ్‌కు మగవాడు పోయిన ఇంట్లో అప్పు పత్రం మీద వేలిముద్ర, సంఘంలో మాట, పొలం పని అన్నీ ఆమెవే, పట్టా మాత్రం అతని పేర ఉంటుంది. వలస కథను వెళ్లినవాడి వైపు నుంచే రాసినంతకాలం ఈ సగం బయటికి రాదు.

5

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తున్నాను. అభ్యుదయ రచయితలుగా మనం అమెరికా తలుపు మూయడాన్ని ఖండిస్తాం. మనిషి ఎక్కడైనా బతకవచ్చునంటాం. మరి ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, అంటే 1/70 చట్టం, గిరిజనేతరుడు భూమి కొనరాదని తలుపు మూసింది కదా? దీన్ని ఎలా సమర్థిస్తాం? ఉట్నూరు బజార్లో ఈ మాట నిత్యం వినబడుతుంది. మూడు తరాలుగా ఇక్కడ ఉన్నాం, మేం పరాయివాళ్లమా అని అడుగుతారు. నేను ఇక్కడ తెలుగు చెప్పే గిరిజనేతర ఉపాధ్యాయుణ్ణి కనుక ఈ ప్రశ్న నాకు పుస్తకంలోనిది కాదు.

నా జవాబు ఇది. తలుపు మూసినదా తెరిచినదా అని మాత్రమే చూస్తే రెండూ ఒకటిగానే కనబడతాయి. ఎవరు ఎవరి మీద మూశారో చూడాలి. బలవంతుడైన రాజ్యం శ్రమను వాడుకుని శ్రామికుణ్ణి బయట నిలబెట్టడానికి వేసిన గొళ్లెం ఒకటి. అప్పుపత్రానికీ కల్లు సీసాకూ భూమి పోగొట్టుకున్నవాడు, మిగిలినదైనా నిలుపుకోవడానికి వేసుకున్న గొళ్లెం మరొకటి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు భూమి లీజుకివ్వరాదని చెప్పింది. ఈ రెండో గొళ్లెం గట్టిదనం అప్పుడు తెలిసింది. సరళీకరణ ఊపులో ఉన్న కాలంలో పెట్టుబడిని గుమ్మం దగ్గర ఆపగలిగినది ఆ చట్టమే. ఇక్కడ బతకడానికి, పాఠం చెప్పడానికి, స్నేహం చెయ్యడానికి నాకు భూమి పట్టా అక్కర్లేదు. యజమానిని కాకుండా అతిథిగా ఉండడం నేర్చుకోవడం కూడా ఒక ఇంటితనమే.

అయితే ఈ సూత్రం అన్ని చిక్కులనూ విప్పదు. లంబాడీల సంగతి చూడండి. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణలో వాళ్లు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. పక్కనే ఉన్న మహారాష్ట్రలో వాళ్లకు ఆ గుర్తింపు లేదు. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడ్డవారితో తమ భూమి, ఉద్యోగాలు పోతున్నాయన్నది గోండులు, కొలాంల ఫిర్యాదు. 2017 చివర్లో ఈ ప్రాంతంలో ఘర్షణలు జరిగి నిషేధాజ్ఞలు పెట్టే దాకా పోయింది. ఆదివాసి ఫిర్యాదులో నిజముంది. అంకెలు తెలిసినవారెవరూ దాన్ని కొట్టిపారెయ్యలేరు. కాని లంబాడీ ఎవరు? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగినవాడు. వలసపాలనలో రైలు వచ్చి అతని బతుకును లాక్కున్నది, 1871 నాటి చట్టం నేరస్థ జాతుల పేరుతో సంచార జనాల మీద ముద్ర వేసింది. ప్రపంచ మార్కెట్టు పాత అల ఒకటి ఇల్లు లేకుండా చేసిన మనిషిని, తర్వాతి అల మరొక ఇల్లు లేనివాడి ముంగిట్లోకి తోసింది. ఇద్దరు పేదలకు ఒకే తలుపు చూపించి కొట్టుకొమ్మని వదిలింది ఎవరు? ఈ ప్రశ్న అడగగల కథ ఒక్కటైనా ఇంతవరకు నా కంటబడలేదు. ఒకరి పక్షాన కరపత్రం రాయడం సులభం. రెండు ముంగిళ్లలోనూ నిలబడి చూడడం కష్టం. సాహిత్యం చెయ్యవలసింది ఈ కష్టమైన పనే.

6

ఇవాళ ఇల్లు పోయే తీరు కూడా మారుతున్నది. కవ్వాల్‌ను 2012లో పులుల రిజర్వుగా ప్రకటించారు. దాని లోపలి మైసంపేట, రాంపూర్ గూడేలను అడవి బయట కట్టిన కాలనీకి తరలించారు. 2025 మేలో కవ్వాల్‌ను తడోబాతో కలిపే అడవిని పులుల కోసం కన్జర్వేషన్ రిజర్వు చేస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. దానికి పెట్టిన పేరు కొమురం భీం! ఆదివాసుల ఆందోళనతో జూలైలో దాన్ని నిలిపివేశారు. పులిని కాపాడాలనడంలో తప్పులేదు, పులీ గూడెమూ ఒకే అడవిలో ఎన్ని తరాలు ఉన్నాయో గోండు పాటలకు తెలుసు. పులి ప్రపంచమంతటిదీ అయినప్పుడు, గూడెం ఎవరిదీ కాకుండా పోవడం ఎలా జరిగింది? అడవి మీద ప్రకృతి కవితలు రాసే మిత్రులు ఈ ప్రశ్న వేసుకోవాలి.

భాష విషయంలోనూ ఇదే. నార్నూర్ దగ్గర గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ప్రపంచంలోని ఏ కంప్యూటరులోనైనా ఆ అక్షరం పలకవచ్చు. గోండీ మాత్రం ఈనాటికీ ఎనిమిదో షెడ్యూలులో లేదు. బడికి వచ్చిన గోండు పిల్లకు మొదటి రోజే నేను చెప్పే పాఠం పరాయి భాషలో మొదలవుతుంది. 'మా ఇల్లు' అని తెలుగులో రాయమంటే ఆ పిల్ల పెంకుటిల్లు బొమ్మ చూసి రాస్తుంది. తన ఇంటి పేరు, తన పేన్ పేరు, ఇంటి ముందరి కంక తడిక ఆ వాక్యంలోకి రావు. తెలుగువాడు అమెరికాలో తన పిల్లలకు తెలుగు రావడం లేదని రాసే కథను నేను తప్పకుండా చదువుతాను. అదే వేదన తెలుగు వల్ల ఇక్కడ మరొకరికి కలుగుతున్నదని కూడా ఆ కథకుడికి తెలియాలి. అప్పుడే అది ప్రపంచస్థాయి వేదన అవుతుంది.

కనుక రచయితలకు, సాహిత్య విద్యార్థులకు నా విన్నపం మూడు మాటల్లో చెప్పగలను. ఊరు గురించి రాసేముందు ఆ ఊరి పహాణీ నకలు ఒకసారి చూడండి. అందులో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు కొట్టేసి ఉంది అన్నదే కథకు వస్తువు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి దగ్గర కూర్చుని మోసం కథ ఒక్కటే కాదు, క్యాంపు గది కథ వినండి. ప్రధాన్‌లు, తోటీలు కిక్రీ మీద చెప్పే వంశగాథలను జానపదం అని వేరు చెయ్యక, ఇంటి గురించిన సాహిత్యంగా మన పాఠ్యప్రణాళికలో చేర్చమని అడగండి. వాటిని గోండు యువకులే రాసి, వాళ్లే వ్యాఖ్యానించే రోజు కోసం మన పత్రికల్లో పేజీలు ఖాళీ చేద్దాం. ఇల్లు పోయిందన్న బాధ మనందరిదీ అంటున్నాం కదా, అయితే ముందుగా మన సాహిత్యపు తలుపు ఎవరి చేతిలో ఉందో తేల్చుకుందాం.